హూప్ ఎక్కడం రావట్లేదు. లోపం బలంలోనా, పద్ధతిలోనా?

అయ్యకోనేరు_గట్టు
దసరా తర్వాత ఏరియల్ హూప్ క్లాసులో చేరాను, అదే, పైనుంచి వేలాడదీసిన పెద్ద ఇనుప రింగు ఎక్కి చేసే విన్యాసాలు. మాది విజయనగరం. శని, ఆదివారాలు పొద్దున్నే బస్సెక్కి విశాఖ వెళ్లి, క్లాసు అయ్యాక మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తాను. రింగు మీద కూర్చున్నాక నాకే ఇబ్బందీ లేదు. మ్యాన్ ఇన్ ద మూన్ భంగిమ వచ్చింది, మెర్మెయిడ్ వచ్చింది, మోకాళ్ళు తగిలించి తలకిందులుగా వేలాడటం కూడా భయం లేకుండా చేస్తున్నా. కానీ కింద నిలబడి, రింగు కింది కమ్మీ పట్టుకుని, కాళ్ళు రెండూ విడదీసి పైకి తీసుకెళ్ళే స్ట్రాడిల్ మౌంట్ ఉంది చూడండి, అది మాత్రం రావట్లేదు. ప్రతిసారీ కోచ్ నా నడుం కింద చెయ్యి పెట్టి లేపాల్సిందే. నాతో చేరిన ఇద్దరమ్మాయిలు వాళ్ళంతట వాళ్ళే ఎక్కేస్తున్నారు. ఏడుపొచ్చేస్తోంది.

వారంలో ఐదు రోజులు నాకు హూప్ అందుబాటులో ఉండదు. ఆ ఐదు రోజులూ ఇంట్లో ఏం చేస్తే ఈ బలం వస్తుంది? జిమ్‌లో చేరాలా? మా మేడ మీద గదిలో ఫ్యాను కొక్కెం ఒకటి ఖాళీగా ఉంది, దానికి హూప్ తగిలించుకోవచ్చా?

సిక్కోలు_చిన్నది
ఫ్యాను కొక్కెం మాట మర్చిపో. దాని సంగతి తర్వాత ఎవరైనా చెప్తారు. ముందు ఇది చెప్పు: ఎక్కేటప్పుడు కింది కమ్మీ నీకు ఎంత ఎత్తులో ఉంటోంది? ఛాతీ దగ్గరా, తల పైనా?

అయ్యకోనేరు_గట్టు
తల పైన. చేతులు పూర్తిగా చాపితే అందుతుంది. క్లాసులో అందరికీ ఒకటే ఎత్తు. నేనేమో ఐదడుగులే.

సిక్కోలు_చిన్నది
సగం జవాబు అక్కడే దొరికింది. చేతులు చాపి వేలాడుతూ అక్కణ్ణుంచి నడుం లేపడం చాలా కష్టమైన రకం. నీతో చేరిన వాళ్ళు పొడుగు కాబట్టి వాళ్ళకి అదే రింగు తలకి కాస్త పైనే ఉండి ఉంటుంది. మోచేతులు వంచుకుని, నేలను కాస్త తన్ని లేస్తున్నారు. నువ్వు చేసేది, వాళ్ళు చేసేది ఒకటి కాదు. కోచ్‌ని అడిగి నీ ఛాతీ ఎత్తుకి దింపించుకో. సిగ్గుపడకు, డబ్బులు నువ్వూ కడుతున్నావు.

వెలగాడ_బార్బెల్
ఎత్తు మార్చితే ఈ రోజుకి పని జరుగుతుంది చెల్లీ, బలం మాత్రం బలమే. మాది కొండవెలగాడ. మా ఊళ్ళో చిన్నపిల్లలు కూడా బార్బెల్ పట్టుకుంటారు, 2014 కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి మా ఊరి పిల్లే. జిమ్‌లో చేరు. ల్యాట్ పుల్‌డౌన్, రోయింగ్, డెడ్‌లిఫ్ట్, వారానికి మూడు రోజులు. మూడు నెలల్లో నీ వీపు నువ్వే గుర్తుపట్టవు. వీపు బలపడితే ఏ రింగైనా ఎక్కొచ్చు.

సిక్కోలు_చిన్నది
అన్నా, కొంచెం ఒప్పుకుంటా, కొంచెం ఒప్పుకోను. మా క్లాసులో 50 కిలోలు పుల్‌డౌన్ లాగే అమ్మాయి ఉంది. రింగు కింద నిలబడితే నడుం లేవలేదు. పుల్‌డౌన్‌లో నువ్వు కూర్చుని కమ్మీని నీ దగ్గరకి లాగుతావు, తొడల మీద దిండు నిన్ను పట్టి ఉంచుతుంది. ఇక్కడ కమ్మీ కదలదు, నడుం పైకి రావాలి, తల వెనక్కి వెళ్ళాలి, పొట్ట ముడుచుకోవాలి. ఆ మూడూ పుల్‌డౌన్‌లో లేవు.

గంటస్తంభం_గిరి
ఇంత చర్చ ఎందుకండీ. ఐదు కిలోలు తగ్గితే అదే లేస్తుంది. మోయాల్సింది సొంత బరువే కదా.

నలభైలో_నేను
గిరి గారూ, ఆ అమ్మాయి బరువు ఎంతో మీకు తెలుసా? ఆవిడ చెప్పనే లేదు. తినడం మానేస్తే ముందు పోయేది ఓపిక. క్లాసు మధ్యలో కళ్ళు తిరిగితే కింద పరుపు ఉన్నా దెబ్బ దెబ్బే. ఈ సలహా ఆడపిల్లలకి ప్రతి విషయంలో ఇచ్చేస్తారు.

గంటస్తంభం_గిరి
అవమానించాలని కాదండీ. బరువుకి తగ్గ బలం అన్నది లెక్కే కదా, అందుకని అన్నాను.

తాడు_మల్లఖంబ్
లెక్క నిజమే గిరి గారూ. కానీ ఆ లెక్కలో కొత్తవాళ్ళకి తొందరగా మారేది బలమే. అన్నం మాన్పించాల్సిన పని లేదు.

పార్వతీపురం వైపు బళ్ళో పీఈటీని. పిల్లలకి తాడు మల్లఖంబ్, అంటే వేలాడే తాడు మీద చేసే వ్యాయామం నేర్పిస్తాను. మీరు చెప్పే స్ట్రాడిల్ మౌంట్‌కీ, మా పిల్లలు తాడు పట్టుకుని తలకిందులయ్యే మొదటి పట్టుకీ పెద్ద తేడా లేదు. బార్బెల్ తమ్ముడు చెప్పిందీ, చిన్నది చెప్పిందీ రెండూ కావాలి, కాకపోతే వరస ఉంది. మొదట భుజం రెక్క. చాలామంది కొత్తవాళ్ళు కమ్మీ పట్టుకోగానే భుజాలు చెవుల దాకా వెళ్ళిపోతాయి. అప్పుడు బరువంతా కీలు మీద వేలాడుతుంది, కండ పనిచెయ్యదు. చేతులు నిటారుగానే ఉంచి, మోచెయ్యి వంచకుండా, భుజాలు మాత్రం చెవుల నుంచి కిందకి లాగాలి. బావిలో చేద తోడేటప్పుడు తాడుని మీ వైపు దింపుతారే, రెక్కల దగ్గర ఆ బిగువు రావాలి. శరీరం ఓ రెండంగుళాలు పైకి లేస్తుంది, అంతే. దాన్నే స్కాప్యులర్ పుల్ అంటారు. ఇది రానివాడికి పుల్‌అప్ నేర్పించకూడదు, తలకిందులు అసలే చెయ్యకూడదు.

ఇంట్లో హూప్ అక్కర్లేదు దీనికి. స్టేడియంలో, కాలేజీ గ్రౌండులో కమ్మీలు ఉంటాయి. 10 నుంచి 20 సెకన్లు వేలాడటం, నాలుగైదు సార్లు. తర్వాత భుజం దించడాలు 5 నుంచి 8, మూడు విడతలు. రోజు మార్చి రోజు. దానికి మించి అక్కర్లేదు మొదట్లో.

వెలగాడ_బార్బెల్
మాస్టారు చెప్పింది కరక్టే. స్నాచ్‌లో, అంటే బార్‌ని ఒకే ఊపులో నెత్తి మీదకి ఎత్తేటప్పుడు కూడా భుజం రెక్క బిగించకపోతే బార్ నెత్తి మీద నిలబడదు. నేను వరస చెప్పలేదు గానీ రోయింగ్ మాత్రం వదలొద్దు.

అయ్యకోనేరు_గట్టు
మాస్టారూ, ఇప్పుడే గుమ్మం పైన కమ్మీ పట్టుకుని చూశాను. నా భుజాలు నిజంగానే చెవుల దగ్గరున్నాయి! కిందకి దించమంటే మోచేతులు వంగిపోతున్నాయి. మోచెయ్యి వంగకుండా దించడం ఎలా?

తాడు_మల్లఖంబ్
పాదాలు నేల మీదే ఉంచి చెయ్యండి. నేల అందకపోతే కింద స్టూలు వేసుకుని, సగం బరువు కాళ్ళ మీద, సగం చేతుల మీద. అలవాటయ్యాక కాళ్ళ మీద భారం తగ్గించుకుంటూ పోవచ్చు. ఇంకోటి, గుమ్మానికి బిగించే కమ్మీ అయితే అది స్క్రూలతో చెక్కకి పట్టి ఉందా, ఒత్తిడి మీద నిలబడిందా చూసుకోండి. ఒత్తిడి మీద ఉండేవి జారతాయి.

పలాస_జీడిపప్పు
చదువుతూ చదువుతూ నేనూ గుమ్మం పట్టుకుని వేలాడాను. మా అమ్మ వచ్చి "ఏటి సేత్తన్నావు, గుమ్మం ఊడగొడతావా" అంది. భుజాలు దించుతున్నానమ్మా అంటే "సందలడే ఏల గుమ్మానికి ఏలాడతావేట్రా, దిగు" అని తిట్టింది.

సిక్కోలు_చిన్నది
అమ్మగారికి నా దండాలు. 😄

ఇప్పుడు మౌంట్ పద్ధతి చెప్తాను, బలం గురించి మాస్టారు చెప్పారు కదా. రింగు ఛాతీ ఎత్తులో ఉందనుకో. చేతులు భుజాల వెడల్పులో పట్టుకో, బొటనవేలు కమ్మీ చుట్టూ తిరగాలి, వేళ్ళ పక్కన పెట్టేసి వదలకూడదు. కమ్మీని ఛాతీకి దగ్గరగా లాక్కుని మోచేతులు పక్కటెముకలకి ఆనించు. ఇప్పుడు చాలామంది చేసేది కాళ్ళు విసరడం. కాళ్ళు విసిరితే నడుం వెనక్కి ఊగుతుంది తప్ప పైకి రాదు. కాళ్ళ కంటే ముందు తల వెళ్ళాలి. వెనక్కి వాలి వెనక గోడ చూడు. తల కిందకి దిగుతుంటే నడుం దానంతటదే పైకి రావడం మొదలెడుతుంది. అప్పుడు మోకాళ్ళు ముడిచి, నడుం కమ్మీ దగ్గరకి వచ్చాక కాళ్ళు విడదీసి, చేతులకి బయట వైపు నుంచి మోకాళ్ళు కమ్మీకి తగిలించు. తగలగానే మడమలు పిరుదుల వైపు గట్టిగా లాక్కో. అదే నీకు తాళం.

గడ్డం ఛాతీకి ఆనించి చూస్తూ లేవాలనుకోకు. భయం వల్ల అందరం కాళ్ళు ఎక్కడున్నాయో చూడాలనుకుంటాం. చూస్తే వీపు గుండ్రంగా అయి నడుం అక్కడే ఆగిపోతుంది.

నలభైలో_నేను
వెనక గోడ చూడమన్నది మా కోచ్ కూడా చెప్తుంది కానీ ఎందుకో చెప్పలేదు. ఇప్పుడు అర్థమైంది. మాది బొబ్బిలి, నేనూ విశాఖే వెళ్తాను నెలకి రెండు సార్లు. నలభై దాటాక మొదలెట్టాను. రింగు ఎక్కడం కంటే ఇంట్లో ఒప్పించడమే పెద్ద పని అయింది. సర్కస్ ఏమిటి ఈ వయసులో అని.

పలాస_జీడిపప్పు
సర్కస్ అంటే మనకి చిన్నతనమేటక్కా. కోడి రామమూర్తి నాయుడు గారు మన వీరఘట్టంలో పుట్టినాయనే, 1882లో. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి, సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగారు. గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నాయన. సిక్కోలు స్టేడియానికి ఆయన పేరే. మీ ఇంట్లో వాళ్ళకి ఈ సంగతి చెప్పండి.

నలభైలో_నేను
చెప్తాను తమ్ముడూ. మా అత్తగారికి ఆయన కథలు బాగా తెలుసు, వాళ్ళ నాన్నగారు చెప్పేవారట. ఆవిడ అడ్డు చెప్పిందల్లా బట్టల గురించే. నేను ఒంటినిండా లెగ్గింగ్, పొడుగు చేతుల టీ షర్టు వేసుకుంటాను, అంచు లోపలికి దోపేస్తాను. ఆవిడకీ నచ్చింది, మోకాళ్ళ వెనక తోలు ఒరుసుకోకుండా నాకూ మేలయింది. నైలాన్ మెరుపు రకం వద్దు, జారిపోతుంది. కాటన్ కలిసినది కమ్మీని పట్టుకుంటుంది.

గాజులు, ఉంగరాలు, పట్టీలు తీసెయ్యాల్సిందే. మెట్టెలు రింగుకి కట్టిన టేపులో ఇరుక్కుంటాయి. నేను తీసి పర్సులో పెట్టుకుంటాను, తియ్యడం ఇష్టం లేనివాళ్ళు టేపు చుట్టుకుంటారు. నల్లపూసలు మాత్రం ఎవరూ వేసుకుని ఎక్కొద్దు. తలకిందులైతే మెడ దగ్గర నుంచి మొహం మీదకి వచ్చి కమ్మీకి తగులుకుంటాయి. జడ కూడా ముడి చుట్టుకోవాలి.

గేటు_గ్రిల్_నెల్లిమర్ల
ఫేను కొక్కెం మాట ఎవలూ సెప్పనేదు. నాను సెప్తాను. మాది నెల్లిమర్ల, గేట్లు, గ్రిల్లులు, మెట్ల రైలింగులు సేత్తాను. తల్లీ, ఆ కొక్కేనికి ఏలాడకు. ఫేను నాలుగైదు కిలోలుంటాది, ఉన్నకాడే తిరుగుతాది, గుంజదు. మనిసి ఊగితే గుంజుతాది. శ్లాబు పోసినప్పుడు ఆ కొక్కెం లోపల ఎంత దూరం ఎల్లిందో, కమ్మికి కట్టినారో నేదో, తుప్పట్టిందో నేదో పైనుంచి కనబడదు.

ఇంకో సంగతి. ఈమద్దెన ఒకాయన ఫోన్ల బొమ్మ సూపించి ఇలాటి రింగు సేసియ్యి, మా గుంటకి కావాల అన్నాడు. నాను సెయ్యనన్నాను. మా కాడ ఉండేది రైలింగు పైపు, పల్సగుంటాది. గుండ్రంగా వంచితే లోపల వైపు నలిగిపోతాది. అతుకు పైకి నున్నగా రుద్దేత్తాను, బాగా కనిపిత్తాది, లోపల ఎంత దిగిందో నాకే తెలవదు. గేటు అతుకు ఊడితే గేటు వాలతాది. రింగు అతుకు ఊడితే గుంట తల కింద పడతాది. డబ్బులు పోయినా సెయ్యను.

అయ్యకోనేరు_గట్టు
బాబాయ్, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. ఫ్యాను కొక్కెం ఆలోచన మానేశాను. చాలా థ్యాంక్స్.

తాడు_మల్లఖంబ్
నెల్లిమర్ల అన్న మాట అందరూ గుర్తుపెట్టుకోండి. రింగు, దాని పైన స్వివెల్ (రింగు తిరగనిచ్చే ముక్క), క్యారబీనర్ (తగిలించే లోహపు కొక్కెం), స్లింగ్ (దూలానికి చుట్టే పట్టీ), అన్నీ బరువు ముద్రించి ఉన్నవే వాడాలి. మంచి క్యారబీనర్ ఒంటి మీద 22 కేఎన్ (కిలోన్యూటన్లు) అనో అంతకన్నా ఎక్కువో చెక్కి ఉంటుంది, అంటే సుమారు 2200 కిలోల బరువుకి సమానం. 50 కిలోల మనిషికి అంత ఎందుకంటారా? మనిషి జారి తటాలున ఆగినప్పుడు పడే భారం ఒంటి బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా రోజూ వాడే సామాను అరుగుతుంది. మీరు వెళ్ళే క్లాసులో పైన దూలానికి దేనితో కట్టారో, క్యారబీనర్ మర తిప్పి బిగిస్తున్నారో లేదో, కింద మందం పరుపు ఉందో లేదో అడిగి చూడండి. నేర్పేవాళ్ళు మంచివాళ్ళయితే సంతోషంగా చూపిస్తారు. విసుక్కుంటే అక్కడ నేర్చుకోకండి.

ఫిజియో_రాజాం
ఆలస్యంగా చూశాను. ఒక్క విషయం ఎవరూ అడగలేదు. గట్టు గారూ, మోచెయ్యి లోపలి వైపు, ఎముక బొడిపె దగ్గర నొప్పి ఉందా? తలుపు గడియ తిప్పేటప్పుడు, చీపురు పట్టుకున్నప్పుడు?

అయ్యకోనేరు_గట్టు
మీకెలా తెలుసు?! కుడి చేతికి ఉంది. సోమవారం మొదలై బుధవారానికి తగ్గుతుంది. అలవాటు లేక అనుకున్నా.

ఫిజియో_రాజాం
శని, ఆదివారం వరసగా రెండు రోజులు క్లాసు అన్నారు కదా, అందుకే అడిగాను. కొత్తవాళ్ళకి బలం మొదటి వారాల్లో చాలా తొందరగా పెరిగినట్టు అనిపిస్తుంది. అప్పుడు కండ పెద్దగా పెరగదు, ఉన్న కండని మెదడు బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. తర్వాత కండ పెరుగుతుంది. అన్నిటికంటే వెనకబడేది కండని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు. దానికి రక్త ప్రసరణ తక్కువ, గట్టిపడటానికి నెలలు పడుతుంది. చెయ్యి "నేను చెయ్యగలను" అంటుంటే మోచేతి దగ్గర స్నాయువు ఇంకా సిద్ధంగా ఉండదు. మీ నొప్పి అక్కడిదే అయ్యుండొచ్చు. పట్టు గట్టిగా బిగించే అలవాటు ఉంటే ఇంకా ఎక్కువవుతుంది.

వీలైతే ఒక క్లాసు వారం మధ్యలోకి మార్చుకోండి. కుదరకపోతే ఆదివారం క్లాసులో మౌంట్లు తగ్గించి, కూర్చుని చేసేవి, సాగదీసేవి చెయ్యండి. వేలాడే పనికీ వేలాడే పనికీ మధ్య 48 గంటలు ఉంటే మంచిది. నొప్పి బుధవారానికి కూడా తగ్గకపోతే వేలాడటం ఆపి దగ్గర్లో ఫిజియోకి చూపించుకోండి. చేతి వేళ్ళు తిమ్మిరెక్కితే మాత్రం ఆ రోజే.

మోకాళ్ళ వెనక నల్లగా కమలడం వేరు. దానికి కంగారు పడకండి, వారం పది రోజుల్లో రంగు మారి పోతుంది. కమిలిన చోట నొక్కితే నొప్పి. కీలులో గుచ్చినట్టు నొప్పి వస్తే అది కమలడం కాదు.

నలభైలో_నేను
డాక్టరు గారూ, బీపీ ఉన్నవాళ్ళు తలకిందులు కావొచ్చా? నాకు మాత్ర ఉంది. ఇంకోటి, నెలసరిలో తలకిందులు కాకూడదంటారు, నిజమా?

ఫిజియో_రాజాం
నేను ఫిజియోని, డాక్టరుని కాను అక్కా. బీపీ అదుపులో ఉందో లేదో మీ డాక్టరు చెప్పాలి, ఆయన సరే అన్నాకే ఎక్కండి. గ్లకోమా (నీటికాసులు) ఉన్నవాళ్ళు, కంటి రెటీనాకి ఆపరేషన్ అయినవాళ్ళు అడక్కుండా అసలు చెయ్యొద్దు, తలకిందులైతే కంట్లో ఒత్తిడి పెరుగుతుంది. గర్భిణులు కొత్తగా మొదలెట్టకూడదు. నెలసరిలో కూడదనడానికి గట్టి వైద్య కారణమేమీ లేదు. ఒంట్లో ఓపికుంటే చెయ్యండి, లేకపోతే విశ్రాంతి.

వెలగాడ_బార్బెల్
ఫిజియో చెప్పిన స్నాయువు మాట బంగారం. ఆమదాలవలస ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి గారు 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగులో స్నాచ్ 110, భుజాల దగ్గర ఆపి ఎత్తే క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ బరువు వెనక చిన్నప్పటి నుంచి పదేళ్ళకి పైగా సాధన ఉంది. మనవాళ్ళకి ఆ పతకమే గుర్తు, సాధన గుర్తుండదు.

పలాస_జీడిపప్పు
తిండి సంగతి ఎవరైనా చెప్పండి. గిరి గారు మాన్పించబోయారు, మరి తినాల్సిందేంటి?

వెలగాడ_బార్బెల్
మా ఊళ్ళో లిఫ్టర్లు తినేది మన వంటే. గుడ్లు, చేపలు, ఉలవలు, పప్పు. గుడ్డుకి సుమారు 6 గ్రాముల ప్రోటీను. ఉలవల్లో వందకి 20 గ్రాములు దాటి ఉంటుంది. చోడి (రాగి) అంబలి ఓపికకి మంచిదే, కానీ ప్రోటీను అనుకుని అదొక్కటే తాగితే చాలదు, పక్కన గుడ్డో పెరుగో ఉండాలి. క్లాసుకి రెండు గంటల ముందు కడుపునిండా తినొద్దు. తలకిందులైతే తెలుస్తుంది.

గంటస్తంభం_గిరి
ఉలవలు మా ఇంట్లో ఎప్పుడూ ఉంటాయి. గట్టు గారూ, నా మొదటి మాట నొప్పించి ఉంటే ఏమీ అనుకోకండి. బాగా తినండి.

అయ్యకోనేరు_గట్టు
అయ్యో, ఏం లేదండీ. మా అమ్మ రోజూ అనే మాటే అది, తిను తిను అని. ఇప్పుడు మీరూ కలిశారు.

సిక్కోలు_చిన్నది
ఇంకో విషయం, చెమట. మన సముద్రం వైపు గాలిలో తేమ చూశారుగా, చేతులు పది నిమిషాల్లో తడిసిపోతాయి. మా క్లాసులో ఒకామె మొహానికి రాసుకునే టాల్కం పౌడర్ రాసుకుని ఎక్కబోయింది, కోచ్ పరిగెత్తుకొచ్చి ఆపింది. టాల్కం జారుతుంది. కావాల్సింది జిమ్నాస్టులు వాడే మెగ్నీషియం కార్బొనేట్ సుద్ద. క్రీడా సామాను అమ్మేచోట దొరుకుతుంది. కొబ్బరి నూనె, బాడీ లోషన్ క్లాసు రోజున కాళ్ళకీ చేతులకీ పట్టించొద్దు. తలకి నూనె రాసుకుని ఆ చేత్తో కమ్మీ పట్టుకున్నా అంతే, నీకే కాదు నీ తర్వాత ఎక్కేవాళ్ళకి కూడా ప్రమాదం.

అయ్యకోనేరు_గట్టు
పొట్టకి ఇంట్లో ఏం చెయ్యాలి? కోచ్ "హాలో బాడీ" అంటుంది. చేస్తే మెడ నొప్పి తప్ప పొట్టకి ఏమీ తెలియట్లేదు.

తాడు_మల్లఖంబ్
వెల్లకిలా పడుకోండి. నడుముకీ నేలకీ మధ్య మీ చెయ్యి దూరకూడదు, అంతగా నడుం నేలకి ఒత్తండి. అలా ఒత్తి పెట్టే భుజాలు, కాళ్ళు కొంచెం లేపాలి. కాళ్ళు దించినకొద్దీ కష్టం. నడుం నేల వదిలిందంటే కాళ్ళు మరీ దిగాయని అర్థం, వెంటనే పైకి తియ్యండి, లేదా మోకాళ్ళు ముడవండి. మెడ నొప్పి అంటున్నారంటే తల మాత్రం లేపుతున్నారు, భుజాలు లేవట్లేదు. 15 సెకన్లు సరిగ్గా చేస్తే నిమిషం తప్పుగా చేసినదానికంటే మేలు.

రెండోది, కాళ్ళు బారజాపి విడదీసి కూర్చుని, అరచేతులు మోకాళ్ళ ముందు నేల మీద ఆనించి, మడమలు నేల మీద నుంచి లేపడం. అంగుళం లేస్తే చాలు. మొదట తొడ పట్టేస్తుంది. స్ట్రాడిల్‌లో కాళ్ళని ఒంటి వైపు తెచ్చే బలం ఇక్కడే పుడుతుంది. పిక్కలు, తొడ వెనక కండలు బిగుసుకుపోయిన వాళ్ళకి కాళ్ళు రావు, బలం లేదనుకుంటారు. అవి సాగదీస్తే సగం సమస్య పోతుంది.

మూడోది నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం, క్లాసులోనే చెయ్యాలి. ఎక్కడం రాకపోతే దిగడం నేర్చుకోండి. కోచ్ సాయంతో ఎక్కండి, మోకాళ్ళు తగిలించిన చోట నుంచి కమ్మీ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా, వీలైనంత నెమ్మదిగా కిందకి రండి. నాలుగైదు సెకన్లు పట్టాలి. పడిపోయినట్టు దిగితే లెక్క కాదు. కండ సాగుతూ బరువు ఆపే పనిలో మనకి ఎక్కే బలం కంటే ఎక్కువ ఉంటుంది, అందుకే ఎక్కలేనివాళ్ళు కూడా దిగగలరు. క్లాసుకి మూడు నాలుగు సార్లు చాలు. మా పిల్లలకి తాడు మీద నేను నేర్పేది ఇదే.

సిక్కోలు_చిన్నది
మాస్టారూ, ఈ చివరి పేరా ప్రింటు తీసి మా స్టూడియో గోడకి అంటించాలని ఉంది. మేము ఎక్కడం మీదే పడి దిగేటప్పుడు దబ్బున దూకేస్తాం.

ఫిజియో_రాజాం
నెమ్మదిగా దిగడం మంచిదే, కానీ అది కండని బాగా నొప్పి పెట్టే రకం. గట్టు గారి మోచెయ్యి తగ్గేదాకా రెండు సార్లు చాలు, ఆదివారం వద్దు.

తాడు_మల్లఖంబ్
ఒప్పుకుంటున్నాను.

అయ్యకోనేరు_గట్టు
సంక్రాంతి అయ్యాక రాస్తున్నా. క్లాసు ఒకటి బుధవారం సాయంత్రానికి మార్చుకున్నాను, ఆఫీసు నుంచి తిన్నగా బస్సుకి వెళ్ళిపోతాను. మోచెయ్యి నొప్పి దాదాపు పోయింది. హూప్ ఛాతీ ఎత్తుకి దించారు. ఒక కాలితో నేలను తన్ని లేస్తే మోకాళ్ళు తగులుతున్నాయి, కోచ్ చెయ్యి అక్కర్లేదు! పూర్తి ఎత్తులో మాత్రం ఇంకా రాదు. దిగడం నాలుగు సెకన్లు పడుతోంది, కోచ్ లెక్కపెడుతుంది.

కొత్త సమస్య: కుడి కాలితో తన్నితే లేస్తున్నా, ఎడమతో తన్నితే అసలు నడుం కదలదు. ఒక మోకాలు తగిలించి ఎక్కడం కూడా కుడి వైపే వస్తోంది. కుడి వైపే గట్టిగా నేర్చుకుని తర్వాత ఎడమ చూసుకోనా?

వెలగాడ_బార్బెల్
శభాష్ చెల్లీ!

నలభైలో_నేను
బుధవారం క్లాసు అయితే నాకూ కుదురుతుంది. ఏ బస్సు? విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర కలుద్దాం.

సిక్కోలు_చిన్నది
మా కోచ్ ముందు రాని వైపే చేయిస్తుంది. ఓపిక ఉన్నప్పుడు ఎడమ, అలిసిపోయాక కుడి.

తాడు_మల్లఖంబ్
చిన్నది చెప్పింది సరైన పద్ధతి. వచ్చిన వైపే చేసుకుంటూ పోతే ఆర్నెల్లకి ఒక భుజం బలంగా, ఒక భుజం బలహీనంగా తయారవుతాయి, తర్వాత రెండు చేతుల మీద సమంగా భారం పడే పట్లన్నీ వంకరగా వస్తాయి. ఎడమతో మొదలెట్టండి. ఎడమ ఎన్నిసార్లు చెయ్యగలిగితే కుడి కూడా అన్నే, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. ఎడమకి హూప్ ఇంకో అంగుళం దించమని అడగండి, రెండు వైపులకీ ఎత్తు ఒకటే ఉండాలన్న నియమం ఏమీ లేదు.

ఫిజియో_రాజాం
ఇంట్లో ఎడమ కాలి మీద ఒంటికాలితో కుర్చీలోంచి లేచి కూర్చోవడం చెయ్యండి, రెండు విడతలు. తన్నే కాలికి బలం కావాలిగా. కుర్చీ గోడకి ఆనించి పెట్టుకోండి.

అయ్యకోనేరు_గట్టు
రేపటి నుంచి మొదలు. నలభైలో అక్కా, బుధవారం సాయంత్రం 5 గంటలకి కాంప్లెక్స్‌లో విశాఖ బస్సుల దగ్గర ఉంటాను. నీలం బ్యాగు.